ఖఫ్జీలో ఆర్మూరన్న

ఖఫ్జీ క్యాంపు గేటు ముందు నేను దిగినప్పుడు మధ్యాహ్నం రెండున్నర. ఎండ నలభై ఆరు డిగ్రీలు. గాలి సముద్రం వైపు నుంచే వీస్తోంది కాని చల్లదనం లేదు. ఉప్పు వాసన, ముడిచమురు వాసన కలిసి వచ్చాయి. నా సామాను ఒక ఇనుప ట్రంకు, ఒక బెడ్డింగు, భుజానికి ఒక సంచి. ట్రంకు మీద సైన్యంలో వేయించుకున్న నంబరు చెరిగిపోలేదు. నేను చెరిపించలేదు.

నేల బల్లపరుపు. ఉత్తరాన పదకొండు కిలోమీటర్లకు కువైట్ సరిహద్దు. తూర్పున సముద్రం, దాని అవతలి ఒడ్డు ఇరాన్. పడమట ఏమీ లేదు. మన దగ్గర ఏమీ లేదంటే ఒక తుమ్మచెట్టో, ఒక బోడి గుట్టో ఉంటుంది. అక్కడ నిజంగానే ఏమీ లేదు.

పదిహేడేళ్లు పదాతిదళంలో పనిచేసి హవల్దారుగా బయటికి వచ్చాను. ఆ తర్వాత చేసిన ఈ సౌదీ కొలువును ఊళ్లో వాళ్లు వాచ్‌మన్ పని అంటారు. నేను డ్యూటీ అంటాను. కంచె ఉంది, గేటు ఉంది, లోపల కాపాడవలసిన నాలుగు వందల మంది ఉన్నారు. పైపులైను వేసే కంపెనీ క్యాంపు అది. నా కింద ఎనిమిది మంది గార్డులు, ఒక కంట్రోల్ రూమ్ ఆపరేటర్, ఒక పికప్ బండి. కిట్ ఏమిటంటే హెల్మెట్, టార్చి, విజిల్, లాఠీ, చేతి వైర్‌లెస్ సెట్టు. తుపాకీ లేదు. రైఫిల్ అలవాటైన చేతికి మొదటి వారం ఆ ఖాళీ అర్థం కాలేదు. ఆర్డర్లు మూడు. లెక్క తెలియని మనిషి లోపలికి రాకూడదు. లెక్క తెలిసిన మనిషి చెప్పకుండా బయటికి పోకూడదు. సైరన్ మోగితే అందరూ ఐదు నిమిషాల్లో బంకరులో ఉండాలి.

బంకరు అంటే సగం దాకా ఇసుకలో పూడ్చిన సిమెంటు పైపు. మనిషి వంగి నడవాలి. అలాంటివి ఆరు ఉండేవి. నేను వెళ్లిన కొత్తలో వాటిలో పిల్లులు పడుకునేవి.

ఆపరేటర్‌ది ఆర్మూరు పక్క పల్లె. మా గడీ కింద ఒకప్పుడు ఉన్న పల్లెల్లో ఒకటి. మొదటి రోజే ఆ సంగతి బయటపడింది.

"ఏ ఊరు సాబ్ మీది?" అన్నాడు.

చెప్పాను.

"గడీ దొరలా?"

"అవును."

"అరె! మా తాత మీ గడీల నీళ్లు మోసిండు. నేనిక్కడ నీ సెట్టుకు చార్జింగ్ పెడుతున్న. నీ ఖాందాన్ మా ఖాందాన్‌ను ఇడిసిపెట్టదా దొరా?"

"ఇక్కడ దొర ఎవరూ లేరు. కమాండర్ అను."

"అట్లనే దొరా."

గార్డులందరూ నవ్వారు. అందరూ నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వైపు వాళ్లే. ఆ రోజు నుంచి వైర్‌లెస్‌లో కూడా నా పేరు దొరే. మా గడీకి పైకప్పు పోయి చాలా కాలమైంది. భూములు పోయాయి. ఆ మాటలో వెక్కిరింపు ఎంతో, అలవాటు ఎంతో నేను తూచి చూడలేదు. పిలిస్తే జవాబిచ్చాను. అతను పని తెలిసిన ఆపరేటర్. అది చాలు.

ఇన్‌స్పెక్టర్ వచ్చింది నా తర్వాత. పైపుల అతుకులకు ఎక్స్‌రే తీసి, వెల్డింగు గట్టిగా ఉందో లేదో తేల్చే మనిషి. నలభై దాటిన వయసు. మందమైన కనుబొమలు, మెడ మీద ఎండకు కాలిన మచ్చ. గేటు దగ్గర ఆపరేటర్ అతని వివరాలు రాసుకుంటున్నాడు.

"కంట్రీ?"

"అర్మేనియా."

ఆపరేటర్ పెన్ను ఆగింది. "ఆర్మూరా? ఏ గల్లీ?"

తన మాట సరిగా వినపడలేదనుకుని అతను నెమ్మదిగా చెప్పాడు. "అర్. మే. నియా."

"అవునన్నా, ఆర్మూరే. మాది గూడ అదే. సిద్ధులగుట్ట తెల్సా? గుట్ట? మౌంటెన్?"

మౌంటెన్ అన్న మాట అతనికి అందింది. ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. రెండు శిఖరాలు, మీద మంచు.

"ఇదేం గుట్టరా భయ్, కుల్ఫీ లెక్కున్నది" అన్నాడు ఆపరేటర్.

నేను ఇంగ్లీషులో అడిగాను, ఇది మీ దేశంలోదా అని. అతను కాసేపు ఆలోచించి చెప్పాడు. "మాది. కాని ఇప్పుడు వేరే దేశంలో ఉంది. మా ఇంటి కిటికీలోంచి కనిపిస్తుంది. అక్కడికి పోలేం." ఆ మాట నాకు వివరించి చెప్పనక్కర్లేదు. సంతకం పెట్టించుకుని గేటు తీశాను.

ఆ పూట నుంచి అతను ఆర్మూరన్న. మేనేజర్లు తప్ప క్యాంపులో ఎవరూ అతన్ని ఇంకో పేరుతో పిలవలేదు. పిలవగా పిలవగా అతను కూడా ఆ ఊరివాడే అయ్యాడు. మా మెస్సుకు వచ్చి పచ్చిపులుసు తాగేవాడు. కారానికి కళ్లు తుడుచుకుని మళ్లీ గిన్నె చాచేవాడు. ఏదో ఒక రోజు అందరికీ తన చేత్తో మాంసం కాల్చి పెడతానని మాట ఇచ్చాడు. పని దగ్గర తెలుగు పట్టుకున్నాడు. తిన్నవా. ఆగు. జల్ది. ఇది ఖరాబ్, మళ్ల జెయ్యి. పైపు మీద ఉన్న వెల్డర్‌ను కింద నుంచి పిలిస్తే "వస్త, వస్త" అని పైనుంచి జవాబు వచ్చేది. ఆ మాటా అలాగే నేర్చుకున్నాడు. పిలిస్తే చాలు, "వస్త" అనేవాడు. పలకడంలో తేడా ఉండేది కాదు. కళ్లు మూసుకుని వింటే ఆర్మూరు పక్క అంకాపూర్ మనిషే.

సాయంత్రం డ్యూటీ మారే వేళ గేటు బెంచీ మీద వచ్చి కూర్చునేవాడు. భార్య, ఆరేళ్ల కూతురు ఇరాన్‌లో ఉన్నారు. ఆమె పుట్టిల్లు ఇస్ఫహాన్. అక్కడ అర్మేనియన్ల వాడ ఒకటి తరాలుగా ఉందట. చెల్లెలి పెళ్లికని వెళ్లింది. కూతురు కూడా అక్కడే పుట్టింది. అర్మేనియా పాస్‌పోర్టు ఇంకా చేయించలేదు. సెలవు మీద వెళ్లినప్పుడు చేయిద్దామనుకున్నాడు.

"మా బిడ్డ ఎట్లున్నది అన్నా?" ఆపరేటర్ రోజూ అడిగేవాడు.

"బిడ్డ మంచిగ. పళ్లు పోయినయ్. రెండు."

"ఎలక ఎత్కపోయిందని చెప్పు. కొత్తయి తెచ్చిస్తది."

ఆ మాటకు అర్థం తెలుసుకుని, అర్మేనియన్‌లోకి మార్చి, రాత్రి కూతురికి ఫోన్‌లో చెప్పాడట. మరునాడు వచ్చి నవ్వుతూ చెప్పాడు. పాప ఎలకకు ఉత్తరం రాసిందని.

ఇరాన్‌తో యుద్ధం మొదలైంది ఒక శుక్రవారం. సెలవు రోజు. గార్డులు బట్టలు ఉతుకుతున్నారు. ఆకాశంలో ముందు చప్పుడు లేదు, ఒక తెల్లని గీత. తర్వాత ఇంకో గీత. తర్వాత మెరుపు. అప్పుడు శబ్దం. నేల కింద నుంచి వచ్చి అరికాళ్లకు తగిలింది. సైరన్ దాని తర్వాత మోగింది.

నాలుగు నిమిషాల్లో నాలుగు వందల మంది బంకర్లలో ఉన్నారు. నేను తలలు లెక్కపెట్టించాను. పిల్లులు బయటికి పరిగెత్తాయి.

పైపులో చీకటి. చెమట వాసన. ఎవరో హనుమాన్ చాలీసా, ఎవరో కల్మా చదువుతున్నారు. ఆపరేటర్ నా పక్కన సెట్టు పట్టుకుని ఉన్నాడు.

"దొరా, కాశ్మీర్ల గిట్లనే ఉంటుండెనా?"

"అక్కడ చలి."

"ఇగ ఏం. గిక్కడ జర నయం."

ఆర్మూరన్న పైపు చివర కూర్చున్నాడు. అందరూ మా మీద ఏం పడుతుందోనని పైకి చూస్తున్నారు. అతను తూర్పుకు చూస్తున్నాడు. ఆ గీతలు వెళ్తున్న వైపు, వచ్చిన వైపు. ఫోన్ చెవి దగ్గర నుంచి తీయలేదు. అవతల మోగడం లేదు.

తర్వాతి వారం అదే వరస. పగలు పని, మధ్యలో సైరన్, పైపు. దమ్మాం విమానాశ్రయం మూతపడింది. ఎవరి దేశం వాళ్ల మనుషులకు సూచనలు పంపింది. ఈ ప్రాంతానికి రావద్దు, ఉన్నవాళ్లు కదలవద్దు, వీలైతే వెళ్లిపోండి. మూడూ ఒకే కాగితంలో. ఏ దేశం పాస్‌పోర్టును ఏ సరిహద్దులో రానిస్తారో పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట. తప్పు ఏ ఒక్కరిదీ అనను. తుపాను వేళ ప్రతి ఇల్లూ తలుపు వేసుకుంటుంది. బయట ఉన్నది ఎవరని చూసేంత తీరిక ఉండదు.

ఎనిమిదో రోజు అతనికి భార్య ఫోన్ దొరికింది. రెండు నిమిషాలు. ఆమె కూతురిని తీసుకుని కారులో ఉత్తరానికి బయల్దేరుతోంది. అరాస్ నది మీద వంతెన దాటితే అర్మేనియా. ఆమెను రానిస్తారు. పాప దగ్గర అర్మేనియా కాగితం లేదు. యుద్ధం కారణంగా నియమం గట్టిపడింది. తండ్రి వంతెన అర్మేనియా చివర నిలబడి, ఈ బిడ్డ నా బిడ్డ అని సంతకం పెడితే రానిస్తారు. లేకపోతే లేదు. ఆమె బిడ్డను వదిలి రాదు.

"ఎన్ని రోజుల్లో వంతెన చేరతారు?" అన్నాను.

"మూడు. నాలుగు. రోడ్డు బాగుంటే."

"నువ్వు?"

వేళ్లతో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు. వెల్డింగులో పగులు దొరికినప్పుడు అతను అలాగే కూర్చునేవాడు, ముట్టుకుంటే పెద్దదవుతుందేమో అన్నట్టు.

దారులు రెండు ఉన్నాయి. మొదటిది దగ్గర దారి. కువైట్ దాటితే అదే రాత్రి విమానంలో ఒక సీటు దొరికింది. అర్మేనియన్లను అవతలికి రానిస్తున్నారని ఆ సాయంత్రం దాకా కబురు. రెండోది దూరపు దారి. కంపెనీ మరునాడు సాయంత్రం నాలుగు గంటలకు ఒక బస్సు పంపుతోంది. తీరం వెంట ప్రమాదమని, హఫర్ అల్ బాతిన్ మీదుగా రియాద్‌కు. రియాద్ నుంచి తెల్లవారి విమానం, తర్వాత ఇంకోటి. బస్సులో ఒక్కో సీటుకు ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకున్నారు.

క్యాంప్ బాస్ కేరళ మనిషి, మాట తక్కువ. ఆర్మూరన్ననూ నన్నూ ఆపరేటర్‌నూ పిలిచి చెప్పాడు. "ముందు బోర్డర్ చూడు. అక్కడ కాకపోతే వెనక్కి వచ్చేయ్. బస్సులో నీ సీటు పట్టి ఉంచుతాను. దాటితే మాత్రం రేడియోలో చెప్పాలి. దాటావని తెలిస్తేనే ఆ సీటు ఇంకొకరికి ఇస్తాను. తెలియకపోతే బస్సు ఆపుతాను."

మొబైళ్లు సైరన్ మోగినప్పుడల్లా ఆగిపోతున్నాయి. అందుకే సెట్టు. క్యాంపు సామాను గేటు దాటి పోవడం నేను ఎవరికీ ఒప్పుకోలేదు. ఆ రోజు నా సెట్టే తీసి ఇచ్చాను.

"అవతల గేటు దాటాక ఇటు వచ్చే ఏ డ్రైవర్‌కైనా ఇవ్వు. పోతే పోనీ" అన్నాను.

మరునాడు ఉదయం పదిన్నరకు పఠాన్ డ్రైవర్ అతన్ని పికప్‌లో తీసుకెళ్లాడు. సౌదీ పోస్టు ఇవతల పార్కింగులో ఉండమని డ్రైవర్‌కు ఆర్డరు. ఎగ్జిట్ ముద్ర పడి ఇన్‌స్పెక్టర్ లోపలికి వెళ్లాడని పదకొండున్నరకు డ్రైవర్ చెప్పాడు.

తర్వాత ఏమీ లేదు. పన్నెండు. ఒంటిగంట. ఎండకు గేటు ఇనుము ముట్టుకోలేం. నేను కంట్రోల్ రూమ్‌లో నిలబడి ఉన్నాను. ఆపరేటర్ అన్నం తెరవలేదు. ఉత్తరం వైపు ఒకసారి పెద్ద శబ్దం వచ్చింది. ఎక్కడో సరిగా తెలియలేదు.

ఒంటిగంట నలభైకి సెట్టు పలికింది. మొదట గరగర. తర్వాత ఇంగ్లీషు ముక్కలు. ఒక్క మాటా పూర్తిగా రాలేదు.

"అన్నా, సాఫ్ ఇనవడ్తలేదు. మళ్ల చెప్పు" అన్నాడు ఆపరేటర్.

గరగర. ఒక్క క్షణం శుభ్రంగా, పక్క గదిలో ఉన్నట్టు వినిపించింది.

"అన్నా! వస్త! నేను వస్త. అందరికి చెప్పు. వస్త!"

ఆపరేటర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మంచిదన్నా! పైలం!"

అదే ఛానెల్ మీద ఎనిమిది మంది గార్డులు ఉన్నారు. వెనుక గేటు నుంచి ఒకడు, నీళ్ల ట్యాంకు మీద నుంచి ఒకడు, అందరూ ఒకేసారి అందుకున్నారు.

"ఆర్మూరన్నా, బిడ్డను అడిగినమని చెప్పు!"

"దావత్ బాకీ ఉన్నవ్, యాదుంచుకో!"

"సెట్టు ఎత్కపోతివేందన్నా, దొర మమ్మల్ని సంపుతడు!"

నవ్వులు. ఆపరేటర్ కళ్లు తుడుచుకున్నాడు. వారం రోజుల్లో క్యాంపులో అది మొదటి నవ్వు.

మన వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మనలో గడప దాటే మనిషి పోతున్నాను అనడు. పోయొస్త అంటాడు, లేకపోతే ఒట్టి వస్త అంటాడు. అందరికి చెప్పు, నేను వస్త. సెలవు తీసుకునే మనిషి సరిగ్గా అదే మాట, అదే వరసలో అంటాడు. ఆ గదిలో ఇంకో అర్థం ఎవరికీ తోచలేదు. తోచడానికి చోటు లేదు.

క్యాంప్ బాస్ తలుపు దగ్గరికి వచ్చాడు. "దాటాడా? కన్ఫర్మా?"

"కన్ఫర్మ్ సార్. అందరికి చెప్పమని చెప్పి పోయిండు."

బాస్ నా వైపు చూశాడు. నేను విన్నదీ అదే. తల ఊపాను.

ఆపరేటర్ పఠాన్‌కు కబురిచ్చాడు. "ఉస్తాద్, సాబ్ చలా గయా. వాపస్ ఆ జావో." రెండుంపావుకు పికప్ గేటులోకి వచ్చింది. బస్సులో అతని సీటు క్యాంపు నర్సుకు ఇచ్చారు. ఫిలిప్పీన్స్ ఆమె. ఆ పొద్దున్నే తన పేరు లేదని తెలిసి మెట్ల మీద కూర్చుని ఉంది. పేరు పిలిస్తే పరిగెత్తుకు వచ్చింది. నాలుగు గంటలకు బస్సు బయల్దేరింది. నేనే గేటు తీశాను, నేనే వేశాను.

ఐదు దాటాక అతను కాలినడకన వచ్చాడు. ఆ రాకను ఇక్కడ రాయను.

జరిగింది ఇది. అవతలి పోస్టులో ఆ ఉదయమే కొత్త ఆదేశం వచ్చింది. కొన్ని దేశాల వాళ్లకు ప్రవేశం ఆపారు. ఆ జాబితాలో అర్మేనియా ఉంది. అతని వెనుక నిలబడినవాళ్లు దాటారు, అతను దాటలేదు. వెనక్కి వస్తే సౌదీ పోస్టులో ఎగ్జిట్ పడిపోయి ఉంది. రెండు గేట్ల మధ్య, నీడ లేని చోట ఉన్నాడు. సౌదీ అధికారి మంచివాడు. నీళ్ల సీసాలు ఇచ్చి, లోపల కూర్చోబెట్టి, పై వాళ్లతో మాట్లాడి, ఎగ్జిట్ రద్దు చేయించాడు. అది తేలగానే అతను సెట్టు తీసి మాతో మాట్లాడాడు. బ్యాటరీ అయిపోతోంది. ఇంగ్లీషు సరిగా అందడం లేదని అర్థమైంది. పొరపాటు జరగకూడదని తెలుగులో చెప్పాడు.

దానికి జవాబుగా అతనికి మా నుంచి చేరిన మాటలు రెండే. మంచిదన్నా, పైలం. ఆ తర్వాత సెట్టు ఆగిపోయింది. మిగతా ఎనిమిది గొంతులు అతనికి వినపడలేదు. వచ్చేటప్పుడు జాగ్రత్త అంటున్నాం అనుకున్నాడు. కాగితాలు పూర్తయి బయటికి వచ్చేసరికి పికప్ లేదు. సైరన్ వల్ల బండిని వెనక్కి పిలిచి ఉంటామని నడక మొదలుపెట్టాడు. రోడ్డు మీద ఒక్క బండి లేదు.

క్యాంప్ బాస్ బస్సును ఆపడానికి ఫోన్ చేశాడు, మోగలేదు. పఠాన్ అడగకుండానే పికప్ తీశాడు. బస్సును అందుకోవడానికి ఆర్మూరన్నను ఎక్కించుకుని బయల్దేరాడు. మొదటి చెక్‌పోస్టులోనే వెనక్కి తిప్పారు. సైన్యం బళ్లు కదులుతున్నాయి, పౌరుల బళ్లకు దారి లేదు.

ఆ సాయంత్రం మళ్లీ సైరన్. పైపులో అతనికి ఎదురుగా ఆపరేటర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అన్నా, వస్త అన్నవ్ గదనే. వస్త అంటే పోతున్నవనుకున్నం. అందరం గదే అనుకున్నం."

అతనికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు. ఇంగ్లీషులో చెప్పవలసిన పని నా మీద పడింది. నేను చెప్పాను. మాలో వెళ్లే మనిషి వెళ్తానని చెప్పడు, వస్తాననే చెబుతాడు.

"వచ్చే మనిషి ఏమంటాడు?"

"అదే మాట."

నేల ఒకసారి అదిరింది. పైనుంచి ఇసుక రాలి అతని జుట్టులో పడింది.

"అయితే మీ ఊళ్లో ఎవరూ వెళ్లిపోరన్నమాట" అన్నాడు.

కోపం లేదు. ఆ మాటను తిప్పి చూసుకుంటున్నాడు, అంతే. ఆపరేటర్‌కు అది నేను తెలుగులో చెప్పలేదు. అతను అడిగాడు. మూడుసార్లు అడిగాడు. "ఏమన్నడు దొరా? తిట్టిండా? తిడితే తిట్టనియ్యి, చెప్పు." తిట్టలేదన్నాను.

నాలుగు రోజుల తర్వాత అతనికి భార్య ఫోన్ దొరికింది. వాళ్లు వంతెన చేరారు. రెండు రాత్రులు కారులోనే ఉన్నారు. జనం ఎక్కువ. అవతలి చివర తండ్రి పేరు పెట్టి రెండుసార్లు పిలిచారట, ఎవరైనా వచ్చారేమోనని. పాపకు జ్వరం వచ్చింది. మందుల కోసం తబ్రీజ్‌కు వెనక్కి తీసుకెళ్లింది. ఇంకా ఏదో చెబుతుండగా లైన్ పోయింది.

రియాద్ రోడ్డు తెరిచిన రోజు మొదటి బస్సులో అతన్ని ఎక్కించాం. గార్డులు డ్యూటీ లేనివాళ్లు కూడా యూనిఫాం వేసుకుని వచ్చారు. వంటవాడు రొట్టెల పొట్లం ఇచ్చాడు. మా భాషలో వెళ్లే మనిషి చెప్పడానికి ఒక్కటే మాట ఉంది, అది ఆ గేటు దగ్గర పనికిరాకుండా పోయింది. అతను అందరితో చేయి కలిపాడు. నా దగ్గరికి వచ్చినప్పుడు నేను సెల్యూట్ చేశాను. మామూలుగా సివిల్ మనిషికి నేను చెయ్యను.

రెండు వారాలకు ఆపరేటర్ ఫోన్‌కు ఒక ఫోటో వచ్చింది. ఇనుప కమ్మీల వంతెన. కింద బురద రంగు నీళ్లు. మనుషులు లేరు. మాట ఏమీ రాయలేదు.

"బిడ్డ వచ్చిందా అన్నా?" ఆపరేటర్ పంపాడు. అతను చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు. కొన్నాళ్లకు ఆ నంబరే పలకలేదు. నాకు తెలిసింది ఇంత. ఇంతకు మించి తెలుసుకోవడానికి చేసిన ప్రయత్నాలు ఫలించలేదు. అర్మేనియా నుంచి వచ్చిన ఇంకో ఇంజనీరును అడిగాను. వంతెన పేరు తెలుసన్నాడు, మనిషి తెలియదన్నాడు.

ఆపరేటర్ నా కంటే ముందు సెలవు మీద ఇంటికి వెళ్లాడు. గేటు దగ్గర బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు.

"పోతున్న దొరా" అన్నాడు.

వాళ్ల అమ్మ వింటే చెంప పగలగొట్టేది. నేను మంచిదన్నాను.

నా కాంట్రాక్టు చలికాలంలో ముగిసింది. యుద్ధం అప్పటికి ఆగింది, లేదా ఆగిందన్నారు. బంకర్లలోకి పిల్లులు తిరిగి వచ్చాయి. ట్రంకు, బెడ్డింగు, సంచి. దమ్మాం నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి బస్సు. బస్టాండులో తెలిసినవాళ్లు కనబడి నిలబెట్టారు. మిసైళ్లు చూశావా అన్నారు. చూశానన్నాను. ఎంత దగ్గర నుంచి అన్నారు. చేతితో చూపించాను. వాళ్లకు కావలసింది అదే. ఇంటికి నడుస్తుంటే చెయ్యి ఇంకా అలాగే గాలిలో ఉన్నట్టు అనిపించింది.

మిసైళ్లు నాకు కలలోకి రావు. సైరన్ కూడా రాదు. వచ్చేది ఒక్కటే.

బస్సు వెళ్లిపోయి గంట దాటింది. సూర్యుడు నా ఎడమ వైపు కిందికి దిగాడు. గేటు మీద నేనే ఉన్నాను. ఉత్తరపు రోడ్డు చివర ఎండమావి ఊగుతోంది. అందులో ముందు ఒక నల్లటి చుక్క. తర్వాత అది నిలువుగా సాగింది. తర్వాత మనిషి. పెట్టెను నెత్తిన పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని నడుస్తున్నాడు, మన ఆడవాళ్లు బిందె మోసినట్టు. చొక్కా మీద ఉప్పు తెల్లగా కట్టింది. పెదవులు పగిలాయి. రెండో చేతిలో నా సెట్టు ఉంది. దాన్ని పైకెత్తి ఊపాడు, పదిలంగా తెచ్చానన్నట్టు.

నవ్వుతున్నాడు. దూరం నుంచే నవ్వుతున్నాడు. అడుగు వేగం పెంచాడు. చివరి యాభై గజాలు పరిగెత్తాడు కూడా. నేను గేటు తీశాను. అతను నా వెనుక బస్సు లేని ఖాళీ స్థలాన్ని ఇంకా చూడలేదు. నా ముఖమే చూస్తున్నాడు. ఊపిరి అందక వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, తనకు వచ్చిన తెలుగంతా కూడగట్టుకుని అన్నాడు:

"లేటయింది అన్నా. మీ అందరిని ఆపిన. మాఫ్ చెయ్యి."